‘మందు పెట్టిండ్రు సారూ’

ఊళ్లో గేదె చచ్చిపోయిందంటే ముందు ఏడుపు వినిపిస్తుంది, ఆ వెంటనే ఒక పేరు వినిపిస్తుంది. గట్టు తగాదా ఉన్న పక్క పొలం వాడిదో, పంపకాలు తేలని దాయాదిదో, పోయిన సర్పంచ్ ఎన్నికల్లో అవతలి పక్షాన తిరిగినవాడిదో. పశువైద్యుడిగా ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ‘మందు పెట్టిండ్రు సారూ’ అన్న మాట వింటూనే ఉన్నాను. కొన్నిసార్లు అది నిజం, చాలాసార్లు కాదు. నిజమైనప్పుడు రుజువు చేయలేకపోవడం, కానప్పుడు కాదని గట్టిగా చెప్పలేకపోవడం, ఈ రెండూ నన్ను చాలా బాధపెడతాయి. అందుకే ఇది రాస్తున్నా.

ఫోరెన్సిక్ అంటే మనుషుల హత్యలకే అనుకుంటారు చాలామంది. పశువులకూ అది ఉంది. మేం దాన్ని వెటరో లీగల్ అంటాం, కాలేజీలో పాఠంగా చదువుకుంటాం, పరీక్ష రాస్తాం. ఆ తర్వాత ఊరి ఆసుపత్రిలో చేరాక మాత్రం పోస్ట్‌మార్టం అంటే ఇన్సూరెన్స్ కాగితం అయిపోతుంది. చెవి ట్యాగ్ నంబరు, ఫొటో, సంతకం, స్టాంపు. రైతుకు డబ్బులు రావడం ముఖ్యమే, దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ఆ శరీరం చెప్పగలిగింది అంతకంటే చాలా ఎక్కువ.

అన్నిటికంటే ఎక్కువ అపార్థాలు పుట్టించేది కడుపుబ్బరం. ‘కడుపు చూడండి సారూ, డప్పు లెక్క అయింది, విషం కాకపోతే ఎట్లా ఉబ్బుతది’ అంటారు. ఆవు, గేదె, గొర్రె, ఏది చచ్చినా పెద్దపొట్టలో ఉన్న మేత పులుస్తూనే ఉంటుంది, గ్యాసు పుడుతూనే ఉంటుంది, ఎండ ఉంటే రెండు మూడు గంటల్లోనే పొట్ట బిగుసుకుపోతుంది. అంటే ఉబ్బి చచ్చిందా, చచ్చి ఉబ్బిందా అన్నది బయట నుంచి చూసి ఎవరూ చెప్పలేరు. లోపల మాత్రం ఒక గుర్తు ఉంటుంది. గొంతు నుంచి పొట్టదాకా అన్నవాహికను నిలువునా చీల్చి చూస్తే, బతికుండగా ఉబ్బరంతో చనిపోయిన పశువులో మెడ భాగం నెత్తురు నిండి ఎర్రగా కమిలి ఉంటుంది, ఛాతీలోకి దిగేసరికి ఒక్కసారిగా పాలిపోతుంది, రెండింటి మధ్య హద్దు గీసినట్టు కనిపిస్తుంది. బ్లోట్ లైన్ అంటారు దీన్ని. ఉబ్బిన పొట్ట ఛాతీని నొక్కేసి, లోపలి నెత్తురునంతా మెడ వైపు తోసేస్తే పడే గీత అది. ఇది కనిపిస్తే మేత మీద అనుమానం రావాలి, మనిషి మీద కాదు.

మనిషి మీదికి పోయిన ఒక కేసు చెప్తాను. తొలకరి పడి తర్వాత వానలు మొహం చాటేసిన ఏడాది. పొద్దున్నే ఫోన్, రెండు ఎద్దులు పడిపోయాయి, ఆవు కొట్టుకుంటోంది అని. నేను వెళ్లేసరికి ఎద్దులు అయిపోయాయి. పెద్దాయన చెట్టు కింద తల పట్టుకుని కూర్చున్నాడు, ఊరు సగం అక్కడే ఉంది. ‘నా తమ్ముని కొడుకే సారూ, మొన్న బోరుకాడ లొల్లయింది, నీ ఎడ్లు ఎట్ల బతుకుతయో చూస్త అన్నడు’ అని చెప్పాడు. ఆ కుర్రాణ్ని అప్పటికే స్టేషన్‌కు తీసుకెళ్లి కూర్చోబెట్టారు. ముందు ఆవు సంగతి చూశాను. ఊపిరి కోసం నోరు తెరిచి ఎగపోస్తోంది, కంటి రెప్ప తిప్పి చూస్తే లోపలి పొర పాలిపోలేదు, నీలంగా లేదు, మంచి ఎరుపు. అంత ఊపిరాడని పశువుకు అంత ఎర్రటి కళ్లు ఉండకూడదు. ‘పెద్దయ్యా, పొద్దున ఎక్కడ మేసినయ్ ఇవి?’ అని అడిగితే ఆయన కొడుకు చెప్పాడు, పగ్గం తెంపుకుని జొన్న మోళ్లలో పడ్డాయని.

అక్కడికి వెళ్లి చూస్తే పచ్చి మేతకు కోసిన జొన్న చేను, వాన లేక మోళ్లన్నీ ఎండుముఖం పట్టాయి, వాటి మొదళ్ల నుంచి జానెడు పిలకలు లేచి ఉన్నాయి, కొరికిన గుర్తులు తాజాగా ఉన్నాయి. మా వైపు దీన్ని నాము తగలడం అంటారు, ఊళ్లో ముసలివాళ్లందరికీ తెలుసు, కానీ కోపంలో ఉన్నప్పుడు ఎవరికీ గుర్తు రాదు. లేత జొన్నలో, ముఖ్యంగా నీటి ఎద్దడిలో ఉన్న జొన్నలో, కోశాక మళ్లీ లేచిన పిలకల్లో ధురిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. పశువు నమిలి మింగగానే అది విడిపోయి సయనైడ్ పుడుతుంది. సయనైడ్ పడితే నెత్తురులో ఆక్సిజన్ ఉన్నా ఒంట్లోని కణాలు దాన్ని వాడుకోలేవు, అందుకే సిరల్లో నల్లబడాల్సిన నెత్తురు కూడా ఎర్రగానే ఉండిపోతుంది. పశువు మాత్రం ఊపిరాడక చచ్చిపోతుంది.

ఆవుకు విరుగుడుగా సోడియం నైట్రైట్, దాని వెనకాలే హైపో (సోడియం థయోసల్ఫేట్) నరానికి ఎక్కించాను. అది లేచింది. తర్వాత ఎద్దులను కోశాం. పెద్దపొట్ట తెరవగానే పిలకలు ముద్దగా, ఇంకా పచ్చగానే ఉన్నాయి. చేదు బాదం వాసన వస్తుందని పుస్తకాల్లో ఉంటుంది, ఆ వాసన పట్టగలిగే ముక్కు అందరికీ ఉండదు, కాబట్టి దాని మీద ఆధారపడకూడదు. పిక్రేట్ పట్టీ పరీక్ష చేశాను. వడపోత కాగితాన్ని సన్నగా కత్తిరించి సోడియం పిక్రేట్ ద్రావణంలో ముంచి ఆరబెడితే పసుపు రంగు పట్టీ తయారవుతుంది. ఒక గాజు గొట్టంలో పొట్టలోని మేత కొంచెం వేసి, కాసిని నీళ్లు, రెండు చుక్కల క్లోరోఫాం కలిపి, పట్టీ మేతకు తగలకుండా పైన వేలాడదీసి బిరడా బిగించాలి. ఆ గొట్టాన్ని పెద్దాయన చేతికే ఇచ్చాను, ఒంటి వేడి తగిలితే త్వరగా తేలుతుంది. ఊరంతా చుట్టూ మూగింది. పట్టీ అంచు నుంచి మొదలై పసుపు కాస్తా నారింజ అయింది, తర్వాత ఇటుక రంగు అయింది. మందు పెట్టిన మనిషి ఎవరూ లేడని అక్కడున్న పసిపిల్లలకు కూడా అర్థమైంది. పెద్దాయన లేచి కండువా భుజాన వేసుకుని, ‘పోరడు పొద్దటి సంది ఏం తిన్నడో లేదో’ అంటూ స్టేషన్ దారి పట్టాడు.

ఆ పట్టీ కోర్టుకు సరిపోదు, అది అనుమానం ఎటు పోవాలో చెప్తుంది అంతే. ఫిర్యాదు అప్పటికే రాసుకున్నారు కాబట్టి నమూనాలు తీసి ల్యాబ్‌కు పంపాను. సయనైడ్ గాలిలో కలిసిపోయే విషం కాబట్టి సీసాను వెంటనే గట్టిగా మూసి మంచులో పెట్టాలి, మధ్యాహ్నం దాకా ఎండలో ఉన్న కళేబరంలో వెతికితే దొరక్కపోవచ్చు. దొరకలేదంటే లేదని కాదు, ఆలస్యమైందని కూడా కావచ్చు.

నిజంగానే విషం పెట్టిన కేసుల్లో జరిగేది చూస్తే ఇంకా కోపం వస్తుంది. పురుగుమందు కలిపిన తవుడో, ఎలుకల మందు పెట్టిన రొట్టో తిని చచ్చిన పశువు, నోట్లో నురగ, పొట్ట తెరవగానే ఘాటు వాసన, కళ్ల ముందే అన్నీ ఉంటాయి. నెలల తర్వాత ల్యాబ్ నుంచి ‘విషం ఆనవాళ్లు కనిపించలేదు’ అని రిపోర్టు వస్తుంది. ఎందుకు? చాలాసార్లు నమూనాను ఫార్మలిన్‌లో వేసి పంపడం వల్ల. ఫార్మలిన్ కణజాలాన్ని గట్టిపరుస్తుంది, మైక్రోస్కోపు కింద చూడటానికి అది కావాలి, అందులోనూ ముక్క అర సెంటీమీటరు మందానికి మించకుండా ఉండాలి. విషం వెతకడానికి మాత్రం ఫార్మలిన్ పనికిరాదు, గట్టిపడిన ముక్క నుంచి విషాన్ని బయటికి లాగడం ల్యాబ్ వాళ్లకు కష్టమవుతుంది. విషానికి కావాల్సింది మామూలు ఉప్పు. నీళ్లలో ఇక కరగనంత ఉప్పు వేసిన ద్రావణం, వెడల్పు మూతి గాజు సీసా, సీసాలో మూడో వంతు ఖాళీ, ఎందుకంటే నమూనా దారిలో కుళ్లితే గ్యాసుకు సీసా పగులుతుంది. పొట్టలోని మేత ఒక సీసాలో, కాలేయం, మూత్రపిండం వేరే సీసాలో. అన్నీ ఒకే సీసాలో కుక్కితే విషం పొట్టలోనే ఉందా, నెత్తురులో కలిసి కాలేయం దాకా పోయిందా అన్నది తేలదు. చచ్చాక నోట్లో పోసినా పొట్టలో ఉంటుంది కదా, కాలేయంలో దొరికితేనే బతికుండగా మింగిందని గట్టిగా చెప్పగలం.

సీసాలు సరిగా ఉన్నా దారిలో చెడిపోయే సంగతి ఇంకొకటుంది. పోలీసు రిక్విజిషన్ (పోస్ట్‌మార్టం చేయమని రాసిచ్చే కాగితం), పంచనామా, లక్క సీలు, ఆ సీలు ముద్ర నమూనా వేరే కాగితం మీద, సీసా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎప్పుడు పోయిందో సంతకాలతో సహా. ఇందులో ఒక్కటి తప్పినా కోర్టులో వకీలు అడిగే మొదటి ప్రశ్న అదే: ఈ సీసాలో ఉన్నది ఆ గేదెదే అని నమ్మకమేంటి? డాక్టరు దగ్గర జవాబు ఉండదు.

విషం ఎప్పుడూ నోటి నుంచే పోతుందనుకోవడం కూడా పొరపాటే. మనకు గురివింద గింజ అంటే దాని కింద నలుపు గుర్తొస్తుంది, సామెత అలాంటిది. ఆ గింజలో అబ్రిన్ అనే విషం ఉంది. పాతకాలంలో మన దేశంలో దాన్ని పశువుల మీద వాడిన పద్ధతి మా న్యాయవైద్య పాఠాల్లో ఉంటుంది: గింజల పప్పును నీళ్లతో నూరి, ముద్దను సన్నటి సూదుల్లా చేసి ఎండబెట్టి, కర్రకు గుచ్చి, పశువు చర్మంలో పొడిచి వదిలేసేవారు. సూది లోపలే విరిగి ఉండిపోతుంది, పొడిచిన చోట వాపు, నెత్తురు, పశువు వెంటనే చావదు, రెండు మూడు రోజులు పట్టొచ్చు. చూసినవాళ్లు పాము కాటు అనుకునేవారు. కాబట్టి పాము కాటుతో చచ్చిందన్న ప్రతి పశువుకూ వాపు కోసి లోపల చూడాలి, పాము కోరల గాటు వేరు, లోపల ఇరుక్కున్న ముక్క వేరు. ఇదే సందర్భంలో ఇంకో మాట చెప్పాలి. బ్రిటిష్ కాలంలో తోళ్ల కోసం పశువులకు విషం పెడుతున్నారని చెప్పి, తోలు పని చేసే కులాల మీద, కులం మొత్తం మీద నేరం మోపారు. ఊళ్లకు ఊళ్లు రోగాలతో పశువులు చచ్చిపోతున్న కాలం అది, దొమ్మ (ఆంత్రాక్స్), పశువుల ప్లేగు. రోగమా విషమా అని తేల్చే పరీక్ష చేతిలో లేనప్పుడు నింద ఎప్పుడూ బలహీనుడి మీదే పడుతుంది. ఇప్పుడు పరీక్ష ఉంది, చేయకపోతే మన తప్పు.

దొమ్మ పేరు వచ్చింది కాబట్టి, హఠాత్తుగా చచ్చి ముక్కు నుంచో వెనక నుంచో గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతుంటే ఆ కళేబరాన్ని అసలు కోయకూడదు. చెవి దగ్గర నెత్తురు చుక్క తీసి గాజు పలక మీద పూసి చూడాలి. కోస్తే ఆ క్రిమి గాలి తగిలి గట్టి పెంకు కట్టుకుని ఏళ్ల తరబడి నేలలో ఉండిపోతుంది, కోసినవాడికి కూడా ప్రమాదం.

అడవి పక్క ఊళ్లలో ప్రశ్న వేరు. పులి చంపిందా, చచ్చిన పశువును పులి తిందా? నష్టపరిహారం దీని మీదే ఉంటుంది. గొంతు దగ్గర కోరల గాయాల చుట్టూ చర్మం ఒలిచి చూడాలి. కింద కండలో నెత్తురు చిమ్మి గడ్డకట్టి ఉంటే గుండె కొట్టుకుంటుండగా పడిన కాటు, గాయం ఉండి కింద కండ శుభ్రంగా ఉంటే చచ్చాక పడింది. వీధికుక్కలు పీకిన గొర్రెలకూ ఇదే లెక్క. పశువు పోయిన కోపంలో ఏం జరుగుతుందో కూడా చూశాం. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవుల్లో కొద్ది రోజుల తేడాతో రెండు పులులు చనిపోయాయి. మొదటిదాన్ని చూసి పులులు పులులు కొట్టుకున్నాయి అనుకున్నారు. తర్వాత విషం చల్లిన పశువు కళేబరం తినడమే కారణమని తేలింది. చూడగానే తోచిన కారణం దగ్గరే ఆగిపోయి ఉంటే అసలు సంగతి మట్టిలో కలిసిపోయేది.

మన హైదరాబాద్ ఈ విషయంలో దేశానికే పెద్ద దిక్కు, ఇది గర్వంగా చెప్పుకోవాలి. 1998లో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ దగ్గర కంకాణీలో సినిమా హీరో మీద పెట్టిన కృష్ణజింకల కేసు అందరికీ తెలుసు. అందులో మొదటి పోస్ట్‌మార్టం రిపోర్టు తుపాకీ మాట ఎత్తలేదు, డాక్టర్ల బోర్డు మళ్లీ పరీక్ష చేయాల్సి వచ్చింది. దొరికిన అవశేషాలు కృష్ణజింకవే అని డీఎన్‌ఏతో చెప్పింది హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరిశోధన సంస్థ. కింది కోర్టు తీర్పు రావడానికి 2018 అయింది, అప్పీళ్లు వేరే సంగతి. ఇరవై ఏళ్లపాటు ఒక కేసు నిలబడాలంటే మొదటి రోజు కోసిన డాక్టరు ఏం రాశాడన్నది ఎంత ముఖ్యమో దీన్ని బట్టి చూడండి.

హైదరాబాద్‌లోనే ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ గారి బృందం ఇంకో పని చేసింది. ఒక్కో జంతువుకు ఒక్కో పరీక్ష అవసరం లేకుండా, మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ బి అనే జన్యువులో చిన్న ముక్కను పట్టుకుని, అది ఏ జంతువుదో చెప్పే పద్ధతి కనిపెట్టారు. ఒక్కో కణంలో మైటోకాండ్రియా డీఎన్‌ఏ ప్రతులు వందలు, వేలు ఉంటాయి కాబట్టి వండిన మాంసం, ఎండిన తోలు, కొమ్ము పొడి నుంచి కూడా చాలాసార్లు అందుతుంది. అత్తాపూర్‌లో ఉన్న సీసీఎంబీ వన్యప్రాణి ల్యాబ్ లాకోన్స్‌కు దేశం నలుమూలల నుంచి అటవీ శాఖల నమూనాలు వస్తాయి. ఇక చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థకు మాంసం నమూనాలు పంపుతారు, ఆవుదా, గేదెదా, మేకదా, గొర్రెదా అని తేల్చడానికి. ముక్కలు కొట్టిన మాంసాన్ని కంటితో చూసి ఆవుదో దున్నపోతుదో చెప్తానని ఎవరైనా అంటే నమ్మకండి, నేనూ చెప్పలేను, ఏ డాక్టరూ చెప్పకూడదు. రోడ్డు మీద బండి ఆపి, గుంపు పోగై, డాక్టరును పిలిపించి ‘చూసి చెప్పండి సార్’ అని ఒత్తిడి పెడతారు. అప్పుడు ఉన్న టెన్షన్‌లో ఏదో ఒకటి రాసిచ్చేస్తే ఒక మనిషి జైలుకు పోతాడు, లేదా అంతకంటే ఘోరం అక్కడే జరుగుతుంది. నమూనా తీశాను, ల్యాబ్ చెప్తుంది అని రాయడానికే డాక్టరుకు ధైర్యం కావాలి, పై అధికారులు ఆ సమయంలో వెనక నిలబడాలి.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో మొదటిసారి తప్పు చేస్తే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు, ఇప్పటికీ అదే. పశువుకు విషం పెట్టి చంపితే మాత్రం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు ఉంది. పాత ఐపీసీలో ఉన్నట్టు పశువు ఖరీదు లెక్క ఇందులో లేదు, కాబట్టి కుక్కను చంపినా పిల్లిని చంపినా ఇది వర్తిస్తుంది. సెక్షన్ గట్టిదే, రుజువు లేక కేసులు నిలబడటం లేదు.

కాబట్టి రైతులకు చెప్పేది ఇది. పశువు అనుమానంగా చచ్చిపోతే కడగకండి, జరపకండి, డాక్టరు వచ్చేదాకా పూడ్చకండి. నీడ చేయండి. ఫొటోలు తీయండి, చెవి ట్యాగ్ నంబరు కనపడేలా ఒకటి, ఎలా పడి ఉందో చుట్టుపక్కలతో సహా ఒకటి. తొట్టిలో మిగిలిన దాణా, నీళ్లు, పక్కన పడి ఉన్న మందు డబ్బా, కవరు, ఏదీ పారేయకండి, చేత్తో ముట్టకండి. నిన్నటి నుంచి ఎక్కడ మేసిందో, ఏ చేనుకు ఏ మందు కొట్టారో గుర్తు చేసుకుని నిజం చెప్పండి, మీ సొంత చేను అయినా సరే. విషం అనుమానం ఉంటే పోస్ట్‌మార్టం కంటే ముందే స్టేషన్‌లో కాగితం ఇవ్వండి, రిక్విజిషన్ లేకుండా కోసిన పోస్ట్‌మార్టాన్ని తర్వాత కేసులో వాడటం కష్టం. పేరు మాత్రం అప్పుడే చెప్పకండి.

శాఖను అడిగేది పెద్ద ఖర్చు కాదు. ప్రతి మండల పశువైద్యశాలలో ఒక పెట్టె ఉండాలి: వెడల్పు మూతి గాజు సీసాలు అరడజను, ఉప్పు, ఫార్మలిన్ వేరుగా, గ్లవ్స్, పిక్రేట్ పట్టీలు, లక్క, సీలు, ఐస్ పెట్టె, తుపాకీ గుండు దొరికితే గీతలు పడకుండా తీయడానికి మొనకు రబ్బరు తొడిగిన పటకారు. ఉప్పు సీసాలు పంపేటప్పుడు నమూనా ఏదీ వేయని ఉత్త ఉప్పునీళ్ల సీసా ఒకటి తప్పకుండా జత చేయాలి, విషం ఉప్పులో నుంచి వచ్చిందని రేపు ఎవరూ అనకుండా.